రెండు వేల కంటే ఎక్కువ

జూన్ 4

వదినగారికి,

మీరెలా ఉన్నారని అడగను. బాగానే ఉండి ఉంటారు. మీకు చిన్న జలుబు చేసినా ఈపాటికి చుట్టాలందరికీ తెలిసిపోయేది.

ఏడు నెలల తర్వాత మీకు రాస్తున్నాను. రాయమన్నది మీ తమ్ముడు, నేను కాదు. ఫోన్ చెయ్యమన్నారు గానీ మీ గొంతు వింటే నేను మాట్లాడలేను, అరుస్తాను. అరిస్తే మీరు పెట్టేస్తారు. కాగితమైతే చివరిదాకా చదవక తప్పదు. అందుకే కొరియర్‌లో పంపుతున్నాను. మీరూ అలాగే పంపండి. ఫోన్ చేస్తే ఎత్తను.

ఆయన ఆస్పత్రిలో చేరి ఇవాళ్టికి ఇరవై మూడు రోజులు. రక్త క్యాన్సరుకి మూడో విడత మందు ఎక్కించిన వారానికి జ్వరం పట్టుకుంది. ఇన్‌ఫెక్షన్ అన్నారు. మందు ఇచ్చారు, తగ్గలేదు. మార్చారు, తగ్గలేదు. ఇప్పుడు మూడోది నడుస్తోంది. క్రిములు పెరుగుతాయేమోనని రక్తం తీసి సీసాల్లో పెట్టి చూశారు, ఒక్కటీ పెరగలేదు. "ఇది కనపడని ఇన్‌ఫెక్షన్ అమ్మా" అన్నాడు రోజూ వచ్చే చిన్న డాక్టరు. కనపడనిదానికి మూడు రకాల మందులు ఎలా ఎంచుతున్నారు బాబూ అని అడిగాను. నవ్వాడు. ఆ నవ్వు చూస్తే చెంప పగలగొట్టాలనిపించింది.

ఆరుగురుండే గది. మాది తలుపు పక్క మంచం, బయట లిఫ్టు. పాతికేళ్ళు లిఫ్టులు బాగుచేసిన మనిషి కదా, నూట మూడు జ్వరంలో కూడా దాని చప్పుడే వింటుంటారు. "మూడో అంతస్తులో తలుపు సరిగ్గా పడట్లేదు, ఎవరికైనా చెప్పవే" అంటారు. చెప్పాను. మర్నాడే మనిషి వచ్చి బాగుచేసి వెళ్ళాడు. మంచం మీదున్న మనిషికి ఏమైందో మాత్రం ఇరవై మూడు రోజుల్లో ఎవరూ తేల్చలేదు.

ఒళ్ళంతా ఎముకలే మిగిలాయి. భుజాల దగ్గర చొక్కా వేలాడుతోంది. అయినా పైజమా ఎలాస్టిక్ నడుముకి కోసుకుపోతోందంటారు. నాలుగు పైజమాలూ ఇంటికి తెచ్చి, మిషను మీద రెండేసి అంగుళాలు వదులు చేశాను. గ్యాసు అంది నర్సు.

మీరు ఇరవై ఏళ్ళుగా ఆ పెద్ద ల్యాబులో ముక్కూ మొహం తెలియనివాళ్ళ రక్తమంతా చూస్తున్నారు. మీ తమ్ముడి రక్తం గురించి నాలుగు ముక్కలు చెప్పండి, చాలు. రావొద్దు. వస్తే నన్ను పక్కకి నెట్టి మంచం పక్క స్టూలు మీద మీరు కూర్చుంటారు. నాకు ఉన్నది ఆ స్టూలు ఒక్కటే.

మీ తమ్ముడి భార్య


జూన్ 6

మొండిదానా,

ఇరవై మూడు రోజులు! వాడు నా చేతుల్లో పెరిగిన వాడు. బళ్ళో వాడి ముక్కు పగిలితే నా ఓణీతో తుడిచిన దాన్ని. ఇరవై మూడు రోజుల జ్వరం సంగతి నాకు కొరియర్‌లో చెప్తావా? నీ ఉత్తరం అందగానే ఏడుసార్లు ఫోన్ చేశాను. ఎత్తనన్నదానివి నిజంగానే ఎత్తలేదు. మాట మీద నిలబడటానికి ఇంకేదీ దొరకలేదా నీకు?

సరే. తిట్లు తర్వాత. ముందు చెప్పిన పనులు చెయ్యి.

వాడికి ఆరుగంటలకోసారి జ్వరం బిళ్ళ వేస్తూ ఉంటారు. అలా వేస్తూ పోతే అసలు జ్వరం ఎంతుందో ఎవరికీ కనపడదు. డాక్టరుని అడిగి ఒక్కరోజు ఆపించు. గంటగంటకీ జ్వరం చూసి రాయి.

రెండోది, నీ టేపు తీసుకెళ్ళు. బొడ్డు దగ్గర చుట్టూ ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి కొలు. మనిషి చిక్కిపోతూ నడుము పెరగడమేమిటి? గ్యాసయితే గంటలో పోతుంది, దానికోసం పైజమాలు విప్పి కుట్టక్కర్లేదు. పొట్ట ఎడమవైపు పక్కటెముకల కింద గట్టిగా తగులుతోందేమో చూడమని డాక్టరుకి చెప్పు. నువ్వు నొక్కకు.

మూడోది, రక్తపరీక్షల కాగితాల్లో ఉన్నవన్నీ రాసి పంపు. నీకు అర్థం కానివి కూడా రాయి. ముఖ్యంగా అర్థం కానివి.

రావొద్దన్నావు కాబట్టి రావట్లేదనుకోకు. నా కింద పనిచేసే ఇద్దరూ సెలవులో ఉన్నారు. మిషన్లు ఆరు, మనిషిని నేనొక్కదాన్ని. రోజుకి తొమ్మిది వందల రక్తం గొట్టాలు నా చేతుల మీదుగా పోతున్నాయి. ఎవరైనా ఒకరు తిరిగి రాగానే బయల్దేరతాను. స్టూలు నువ్వే ఉంచుకో, నేను నిలబడతాను.

అక్క


జూన్ 9

వదినగారికి,

మీ మాట విని బిళ్ళ ఆపాను. ఏమైందో తెలుసా? మధ్యాహ్నానికి నూట అయిదు దగ్గరికి వెళ్ళింది. మంచం కదిలిపోయేలా వణికారు. నర్సు వచ్చి, బిళ్ళలు నా కొంగున ముడేసి ఉండటం చూసి, ఆరు మంచాలవాళ్ళ ముందూ నన్ను కడిగిపారేసింది. "చదువుకున్న దానిలా ఉన్నావు, మొగుణ్ణి చంపుకుంటావా?" అంది. మీరు అక్కడ చల్లటి గదిలో కూర్చుని ఆపెయ్, కొలు, రాయి అని హుకుం జారీ చేస్తారు. మాటలు పడేది నేను.

ఇప్పుడు చెప్తాను, ఏడు నెలల నుంచి లోపల పెట్టుకున్నది. జబ్బు బయటపడ్డ రోజు మా ఇంటికొచ్చి ఏమన్నారు? ఏ ఆస్పత్రి, ఏ డాక్టరు అని నేను అడుగుతుంటే, "నువ్వు బట్టలు కుట్టుకో, రక్తం సంగతి నాకు వదిలెయ్" అన్నారు. మీ తమ్ముడి ముందు అన్నారు. నా కొట్లో పనిచేసే ఇద్దరు ఆడవాళ్ళ ముందు అన్నారు. అందుకే మీ ఊరు తీసుకురాలేదు ఆయన్ని. పంతం అనుకోండి. పంతమే.

టేపు తీసుకెళ్ళాను. బట్టలు కుట్టుకునే దాన్ని కదా, కొలతలు మాత్రం తప్పు రాయను. గత దీపావళికో దసరాకో కాదు, మొన్న ఏప్రిల్లో ఆయనకి ప్యాంటు కుట్టినప్పుడు నడుము ముప్ఫై నాలుగు, ఛాతీ ముప్ఫై ఎనిమిది. ఏడో తేదీ నడుము ముప్ఫై ఆరున్నర, ఛాతీ ముప్ఫై అయిదు. ఇవాళ నడుము ముప్ఫై ఏడు. చుట్టూ సమానంగా పెరగలేదు. వెన్నెముక నుంచి బొడ్డు దాకా కుడివైపు కొలిస్తే పదిహేడున్నర, ఎడమవైపు పందొమ్మిదిన్నర. రెండు వైపులూ విడిగా కొలవమని మీరు చెప్పలేదు. నాకే తోచింది.

కాగితాల్లో ఉన్నవి: హిమోగ్లోబిన్ ఆరు పాయింట్ ఎనిమిది. తెల్లకణాలు తొమ్మిది వందలు. ప్లేట్‌లెట్లు పందొమ్మిది వేలు, ఎక్కించిన మర్నాటికే మళ్ళీ పడిపోతున్నాయి. మందు వల్లే పడతాయి అన్నాడు చిన్న డాక్టరు. ఇంకా ఫెరిటిన్ అని ఒకటి ఉంది, వారానికోసారి మూడుసార్లు చేశారు. మే 24, మే 31, జూన్ 7. మూడుసార్లూ ఒకటే రాసుంది: రెండు వేల కంటే ఎక్కువ. "ఇదొక్కటే నిలకడగా ఉందమ్మా, పెరగలేదు" అన్నాడు. అదొక్కటైనా మంచి కబురు అనుకున్నాను.

మీ తమ్ముడి భార్య


జూన్ 11

అమ్మాయ్,

డాక్టరుని అడిగి ఆపించమన్నాను. నువ్వు కొంగున ముడేసుకోమన్నానా? నా ఉత్తరం మళ్ళీ తీసి చదువు. కోపంతో చదివితే నీకు నచ్చిన మాటలే కనిపిస్తాయి.

కానీ ఆ కొలతలు! రెండు వైపులూ విడిగా కొలిచావు చూడు, ఆ ఆస్పత్రిలో ఇన్ని రోజులుగా ఒక్కడికీ తోచని పని అది. ఆ రోజు నేనన్న మాట తప్పు. ఇంతకంటే పొడుగ్గా క్షమాపణ చెప్పే ఓపిక ఇప్పుడు లేదు, తర్వాత చెప్తాను.

నిలకడగా ఉందన్నాడా? ఒళ్ళు మండిపోయింది నాకు. నీ టేపు అరవై అంగుళాలే కదా. అంతకంటే లావాటి మనిషి వస్తే "అరవై కంటే ఎక్కువ" అని రాసుకుని గుడ్డ కత్తిరిస్తావా? ఆ మిషను రెండు వేల దాకానే కొలుస్తుంది. దాటితే "రెండు వేల కంటే ఎక్కువ" అని ఊరుకుంటుంది. రెండు వేల ఒకటైనా అదే మాట, లక్షయినా అదే మాట. అసలు అంకె కావాలంటే రక్తాన్ని పల్చన చేసి మళ్ళీ పెట్టాలి. అరగంట పని. డాక్టరు రాసి అడిగితేనే పల్చన చేస్తారు, చాలా చోట్ల నియమం అదే, నాకూ తెలుసు. కానీ క్యాన్సరు వార్డు నుంచి వారం వారం ఒకే మనిషి రక్తం వస్తుంటే, మూడుసార్లూ కళ్ళు మూసుకుని సంతకం పెట్టిన ఆ మహానుభావుడు ఎవడు? ఆ కాగితాలు జిరాక్సు తీసి పంపు. కింద సంతకం కనపడాలి. పేరు నేను కనుక్కుంటాను, కనుక్కుని నీకు చెప్తాను. వాడి ఉద్యోగం ఊడగొట్టే దాకా నిద్రపోను.

ఇప్పుడు నా అనుమానం విను. భయపెట్టాలని కాదు. మన ఒంట్లో కాపలా కాసే కణాలుంటాయి. చచ్చిన కణాల్ని మింగి ఒళ్ళు శుభ్రం చెయ్యడం వాటి పని. రక్త క్యాన్సరు ఉన్నవాళ్ళలో ఎక్కడో ఒకరికి అవి పిచ్చెత్తి, బతికున్న రక్తకణాల్ని కూడా మింగడం మొదలుపెడతాయి. జ్వరం ఆగదు. రక్తం ఎక్కించినా నిలవదు. ఎడమవైపు ప్లీహం ఉబ్బుతుంది. ఒంట్లో ఇనుము దాచిపెట్టే ఆ ఫెరిటిన్ పదివేలు, యాభై వేలు అవుతుంది, మామూలు మగవాడికి అది మూడు నాలుగొందలు దాటదు. డాక్టర్లు హెచ్.ఎల్.హెచ్. అంటారు. జ్వరమంటే ఇన్‌ఫెక్షన్ అనుకుంటారు, రక్తం పడిపోతే మందు వల్ల అనుకుంటారు, అందుకే దీని మీదికి ఎవరి బుద్ధీ పోదు. ఆలస్యమైతే మనిషి దక్కడు.

పెద్ద డాక్టరమ్మని పట్టుకో. ఆ పేరు చెప్పు. పొట్ట స్కాను, ఎముక మూలుగ పరీక్ష, రక్తంలో కొవ్వు, రక్తాన్ని గడ్డకట్టించే ఫైబ్రినోజెన్ చూడమను. ఫెరిటిన్ పల్చన చేసి అసలు అంకె ఇమ్మను. కాగితం మీద రాసిమ్మను.

అక్క


జూన్ 13

వదినగారికి,

పెద్ద డాక్టరమ్మ సోమవారం దాకా సెలవు. చిన్న డాక్టరుకి మీ ఉత్తరం చూపించాను. సగం చదివి, "మీ వదినగారు ఏం చదువుకున్నారు?" అన్నాడు. ల్యాబులో పనిచేస్తారన్నాను. "ఆ జబ్బుకి ఇచ్చే మందు ఒంట్లో ఉన్న కాస్త శక్తినీ అణిచేస్తుంది. లోపల ఇన్‌ఫెక్షన్ ఉంటే రెండ్రోజుల్లో మనిషి పోతాడు. మీ వదినగారు ఆ పూచీ తీసుకుంటారా?" అన్నాడు. ఈసారి నవ్వలేదు. అందుకే భయమేసింది నాకు.

తీసుకుంటారా మరి? మీది అనుమానమే కదా. తప్పయితే మీకు తమ్ముడు పోతాడు. నాకు ఏం పోతుందో మీకు లెక్కలేదు.

నిన్న ఉదయం లేచి, గోడ గడియారం సగమే కనిపిస్తోందన్నారు. నిద్రమత్తు అనుకున్నాను. ఎడమ కన్ను మూసుకుని చూస్తే ఏమీ కనిపించడం లేదట, అంతా ఎర్రగా ఉందట. కంటి డాక్టరు వచ్చి లైటు వేసి చూశాడు. ప్లేట్‌లెట్లు లేక కుడికన్ను లోపల రక్తం కారిందన్నాడు. చూపు వస్తుందా అంటే, ముందు మనిషిని నిలబెట్టుకోండి అన్నాడు. మీ తమ్ముడు ఏడవలేదు. "లిఫ్టు తాడు తెగబోతుంటే రెండు కళ్ళతో చూస్తేనే తెలియదే, ఒక్క కంటితో ఎలా చూస్తాను?" అన్నారు. నేను బయటికెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను.

జిరాక్సులు పెట్టాను, చూసుకోండి. ఆ సంతకం నాకు గీతల్లాగా తప్ప ఏమీ అర్థం కాలేదు. మీరు పేరు కనుక్కునే దాకా ఆగే ఓపిక నాకు లేదు. ఈ ఉత్తరం కొరియర్ వాడికిచ్చి, నేరుగా కింద ల్యాబుకి వెళ్తున్నాను. ఆ కన్ను పోగొట్టింది ఎవడో వాడి మొహం చూడాలి నాకు.

మీ తమ్ముడి భార్య


జూన్ 14

అమ్మాయ్,

పొడుగ్గా రాయలేను. మూడు రక్తాల అసలు అంకెలు నా దగ్గరున్నాయి. మే 24న తొమ్మిది వేల ఎనిమిది వందలు. మే 31న ఇరవై ఏడు వేలు. జూన్ 7న అరవై ఒక్క వేల నాలుగు వందలు. ఎలా వచ్చాయని ఇప్పుడు అడగకు.

పెద్ద డాక్టరమ్మ ఇంటి నంబరు సంపాదించి నలభై నిమిషాలు మాట్లాడాను. నీ కొలతలు చెప్పాను, ఒకటికి రెండుసార్లు చెప్పించుకుంది. ఈ ఉత్తరం నీకు అందేసరికి ఆవిడ వార్డుకి వచ్చి ఉంటుంది. చెప్పినదానికల్లా ఒప్పుకో. పూచీ తీసుకుంటానా అని అడిగావు కదా. తీసుకుంటాను.

ల్యాబులో ఎవరితోనూ గొడవ పడకు. వెళ్ళి ఉండకపోతే వెళ్ళకు. వెళ్ళి ఉంటే ఇక ఊరుకో.

అక్క


జూన్ 18

వదినగారికి,

పెద్ద డాక్టరమ్మ సెలవు మధ్యలో వచ్చింది. ఎక్కడినుంచి బయల్దేరిందో, కాళ్ళకి ఇంట్లో వేసుకునే చెప్పులే ఉన్నాయి. పొట్ట తడిమింది. నా కొలతల పుస్తకం అడిగి తీసుకుని, ఆ పేజీ తనే జిరాక్సు తీయించుకుంది. తుంటి ఎముక నుంచి మూలుగ తీశారు. సాయంత్రానికి నన్ను లోపలికి పిలిచి సూక్ష్మదర్శినిలో చూపించింది. పెద్ద కణం ఒకటి, దాని పొట్టలో మూడు ఎర్రకణాలు గుండ్రంగా కనిపించాయి. "మీ వదినగారు చెప్పింది నిజం" అంది. ఆ రోజే మందు మొదలైంది. మూడోరోజుకి జ్వరం తొంభై తొమ్మిదికి దిగింది. ముప్ఫై ఆరు రోజుల తర్వాత మీ తమ్ముడు చల్లగా తగిలారు చేతికి. గండం గడవలేదు, ఇలాంటివాళ్ళలో సగం మందే బయటపడతారు అని చెప్పింది. సగమైనా చాలన్నాను.

మీకు దణ్ణం పెడదామని రెండుసార్లు అనుకున్నాను. రెండుసార్లూ కన్ను గుర్తొచ్చింది.

ల్యాబుకి వెళ్ళాను. మీరు వద్దన్న ఉత్తరం ఆ తర్వాతే వచ్చింది. అక్కడ కిటికీ దగ్గర కళ్ళజోడు పెట్టుకున్న పెద్దాయన ఒకడు కూర్చుంటాడు, రక్తాలు తీసుకునేదీ కాగితాలిచ్చేదీ ఆయనే. నోటికొచ్చినట్టల్లా తిట్టాను. లైన్లో ఉన్నవాళ్ళంతా నాతో కలిశారు. ఆయన తల దించుకుని, "ఆ పరీక్ష మా దగ్గర లేదమ్మా, ఏజెంటు తీసుకెళ్ళి ఎక్కడికో పంపుతాడు" అన్నాడు. తప్పించుకోవడానికి ఎవడైనా చెప్పే మాటే అది. పైవాళ్ళకి ఫిర్యాదు రాసిచ్చాను. ఆయన్ని పక్కన పెట్టి ఇంటికి పంపేశారు. ఇంకో పదకొండు నెలల్లో రిటైరవ్వాలట. నాకేం జాలి కలగలేదు.

కానీ ఆ సంతకం ఆయనది కాదంటున్నారు ఇప్పుడు. మీరు పేరు కనుక్కుని చెప్తానన్నారు. ఉద్యోగం ఊడగొడతానన్నారు. జిరాక్సు అందాక ఆ ఊసే లేదు. మీ వృత్తివాళ్ళని మీరు కాపాడుకుంటున్నారా? పేరు చెప్పండి. రెండో ఫిర్యాదులో అదే రాస్తాను.

మీ తమ్ముడి భార్య


జూన్ 20

అమ్మాయ్,

ఆ సంతకం నాది.

మూడూ నావే. జిరాక్సు చేతికొచ్చినప్పుడు కింద గీత చూసి, ఎవడో నాలాగే పెడుతున్నాడే అనుకున్నాను. ఒక్క క్షణం నిజంగా అలాగే అనుకున్నాను. మనిషి బుద్ధి ఎంత సిగ్గులేనిదో చూడు.

మా దగ్గరికి పేర్లు రావు, నంబర్లు వస్తాయి. ఏజెంటు పెట్టెలు తెస్తాడు. పెట్టె మీద ఏజెంటు పేరే ఉంటుంది, ఏ ఊరి ఆస్పత్రిదో ఉండదు. మేమిచ్చే కాగితం మీదా మా ల్యాబు పేరు ఉండదు. అయినా గొట్టం మీద వార్డు గుర్తు ఉంది. క్యాన్సరు వార్డు అని ఉంది. మూడుసార్లూ ఉంది. నేను చూడలేదు. చూడాల్సిన పని లేకుండా నేనే చేసుకున్నాను. నాలుగేళ్ళ కిందట సాయంత్రం పని తెమలట్లేదని, "రెండు వేలు దాటినవి డాక్టరు రాసి అడిగితేనే పల్చన చెయ్యాలి" అని ఒక కాగితం మీద రాసి ఆ మిషనుకి అంటించింది నేనే. నా చేతిరాత. చాలా చోట్ల నియమం అదేనని నీకు పెద్దమనిషిలా రాశాను కదా, మా చోట ఆ నియమం పెట్టింది నేను.

గొట్టాలు నెల రోజులు ఫ్రీజరులో ఉంటాయి. జిరాక్సు వచ్చిన రోజే మూడూ తీసి పల్చన చేసి పెట్టాను. మొదటి అంకె చూసి నమ్మలేక మళ్ళీ పెట్టాను. మే 24నే తొమ్మిది వేల ఎనిమిది వందలు. ఆ రోజే ఒక ఫోన్ చేసి ఉంటే, కంట్లో రక్తం కారడానికి ఇంకా పంతొమ్మిది రోజులుంది.

నీకు వెంటనే ఎందుకు చెప్పలేదంటే భయం. అంతే, ఇంకేం లేదు. చెప్తే నా మాట నమ్మవని, మందుకి ఒప్పుకోవని నాకు నేను చెప్పుకున్నాను. అది సాకు. నీ పద్దెనిమిదో తేదీ ఉత్తరం చదివాక ఆ సాకు కూడా పోయింది. నేను నోరు మూసుకున్నందుకు ఆ కళ్ళజోడు మనిషి ఇంట్లో కూర్చున్నాడు. ఆయన తప్పేమీ లేదని, తప్పు ఎవరిదో, ఎందుకో, మీ ఆస్పత్రికి రాసి పంపాను. నకలు ఇందులో ఉంది. నువ్వు చెయ్యాల్సింది నువ్వు చెయ్యి. నా వాటా తిట్లు కూడా ఆయన తిన్నాడు.

ఇంకా ఉంది. మిషను మీద కాగితం పీకేశాను. నెలరోజుల్లో క్యాన్సరు వార్డుల నుంచి వచ్చి రెండు వేలు దాటినవి, మీవి కాక, ఫ్రీజరులో ఆరు మిగిలాయి. ఆరూ మళ్ళీ పెట్టాను. నాలుగు మూడు వేలు, అయిదు వేలు, అలా ఉన్నాయి. రెండు మాత్రం నలభై వేలు దాటాయి. ఏజెంటుని పట్టుకుని అవి ఏ ఆస్పత్రులవో కనుక్కున్నాను. ఒకదానికి ఫోన్ చేస్తే డాక్టరు దొరికాడు, ఆ రోజే చూస్తానన్నాడు. రెండోదానికి చేస్తే నర్సు ఎత్తింది. "ఆ మంచం గురువారం ఖాళీ అయిందండీ" అంది. ఇంటికి వెళ్ళారా అని అడిగాను. ఎందుకడిగానో తెలియదు. వెళ్ళలేదని నాకు తెలుసు.

మా మేనేజరు ఏదీ కాగితం మీద పెట్టొద్దన్నాడు. "నియమం నియమమే, మీరు తప్పేం చెయ్యలేదు" అన్నాడు. నా మీద నాకున్న కోపమంతా ఆయన మీద చూపించి వచ్చాను.

రెండో ఫిర్యాదులో నా పేరు రాయి. పూర్తి పేరు, హోదా నకలు మీద ఉన్నాయి.

అక్క అని రాసే మొహం లేదు


జూన్ 26

వదినగారికి,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. రెండుసార్లు చింపబోయాను. మూడురోజులు జవాబు రాసి చింపేశాను. వాటిల్లో ఉన్న మాటలు మీరు ఊహించుకోండి. అంతకంటే ఎక్కువే ఉన్నాయి.

మే 24న ఆ ఫోన్ చేసి ఉంటే కన్ను దక్కేదా అని పెద్ద డాక్టరమ్మని అడిగాను. చాలాసేపు పెన్ను మూత పెట్టి తీసి, "దక్కి ఉండేదేమో" అంది. అలాంటివి దాచని మనిషి ఆవిడ. మీకూ దాచకుండా చెప్తున్నాను. కుడి కంటికి చూపు రాదట. లిఫ్టుల పని అయిపోయింది. కంపెనీ వాళ్ళు వచ్చి పళ్ళూ పూలూ పెట్టి వెళ్ళారు, పని గురించి ఒక్క మాట కూడా ఎత్తలేదు.

కళ్ళజోడాయన ఇంటికి వెళ్ళాను. ఫిర్యాదు వెనక్కి తీసుకున్న కాగితం, మీ నకలు పట్టుకెళ్ళాను. తలుపు ఆయన భార్య తీసింది. ఆయన లోపల నుంచి చూశాడు, బయటికి రాలేదు. "కాగితాలు అక్కడ పెట్టి వెళ్ళమను" అన్నాడు. పెట్టి వచ్చేశాను. దారంతా మిమ్మల్ని తిట్టుకుందామని చూశాను. నోరు రాలేదు. ఆయన్ని నలుగుర్లో నిలబెట్టింది మీరు కాదు, నేను. మీరు గొట్టం మీద గుర్తు చూడలేదు. నేను ఆయన చెప్పిన మాట వినలేదు. అలాగని మీ మీద కోపం తగ్గిందనుకోకండి. రెండింటికీ చోటుంది నాలో.

మీ తమ్ముడి సంగతి. జ్వరం మళ్ళీ రాలేదు. నడుము ముప్ఫై అయిదుకి దిగింది. నిన్న లేచి వరండా చివరిదాకా నడిచారు. పక్క మంచాలవాళ్ళకి, నర్సులకి, ఆఖరికి తుడిచే ఆవిడకి కూడా, "మా అక్క కనిపెట్టింది, నూటికి ఒకరికి కూడా రాని జబ్బు, ఉత్తరాల్లో కనిపెట్టేసింది" అని చెప్తున్నారు. వింటుంటే నా లోపల ఉడికిపోయేది. అబద్ధం కాదు కదా, ఏమనను? రెండ్రోజులు ఓర్చుకున్నాను. నిన్న ఇక తట్టుకోలేక స్టూలు దగ్గరికి లాక్కుని మీ ఉత్తరం మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాను. ఒక్క ముక్క వదల్లేదు. మీ మీద కసితోనే చదివాను, అదీ దాచను.

చదవడం అయ్యాక మంచం కమ్మీ పట్టుకుని లేచి కూర్చున్నారు. నాకు భయమేసింది, ప్లేట్‌లెట్లు ఇంకా యాభై వేలే కదా, ఏమైనా అవుతుందేమోనని. అరుస్తారనుకున్నాను. కన్ను గురించి అడుగుతారనుకున్నాను. అడగలేదు. "ఆ గురువారం ఖాళీ అయిన మంచం ఎవరిది?" అన్నారు.

తెలియదన్నాను. నంబరే కదా అన్నాను.

"వాళ్ళకి రాసిందా అక్క?" అన్నారు.

ఉత్తరం మళ్ళీ తిరగేశాను. ఆస్పత్రికి రాశారు, నాకు రాశారు, మేనేజరుతో పోట్లాడారు. వాళ్ళకి రాసినట్టు ఎక్కడా లేదు. మీరు మాకు చెప్పారు, ఎందుకంటే ఇది మీ తమ్ముడి కన్ను. నేను ఆ సంతకం ఎవరిదని మీ పీక మీద కూర్చున్నాను కాబట్టి చెప్పారు. వాళ్ళకి అడగాలని కూడా తెలియదు. ఇన్‌ఫెక్షన్ వల్ల పోయాడని, క్యాన్సరు వల్ల పోయిందని, తలరాత అని అనుకుంటూ కూర్చుని ఉంటారు. వాళ్ళింట్లో కూడా నాలాంటిది ఒకతె ఉండి ఉంటుంది. నేనే సరిగ్గా చూసుకోలేదు, ఆ బిళ్ళ సమయానికి వెయ్యలేదు అని తనని తాను తిట్టుకుంటూ ఉంటుంది. నేను అలాగే తిట్టుకున్నాను, మీ ఉత్తరం వచ్చేదాకా.

వాళ్ళకి రాయండి. మాకు రాసినట్టే, సాకు లేకుండా రాయండి. మీ మేనేజరు ఉద్యోగం తీసేస్తాడంటే తీసెయ్యనివ్వండి. నా కొట్లో మూడో మిషను ఖాళీగానే ఉంది, కాజాలు కుట్టడం నేర్పిస్తాను.

మిమ్మల్ని చూడాలని ఉందంటున్నారు మీ తమ్ముడు. నేను వద్దనను. కానీ ముందు ఆ ఉత్తరం వెయ్యండి. వేసిన రసీదు తీసుకుని రండి. అది లేకుండా వస్తే వార్డు తలుపు దగ్గరే ఆపేస్తాను, మొన్నటిలాగా నలుగురూ వినేట్టు అరుస్తాను కూడా. ఈసారి సరైన మనిషి మీదే అరుస్తాను.

మీ మరదలు